వెనిస్ నుంచి క్రూయిజ్ యాత్ర: టికెట్ కొనే ముందు రేవు పేరు చూడండి

వెనిస్ నుంచి బయలుదేరే క్రూయిజ్ యాత్ర కొనదలచినవారు అన్నిటికంటే ముందు చూడవలసింది ధర కాదు, ఓడ ఆగే ఊళ్ల జాబితా కూడా కాదు. ఆ ఓడ నిజంగా ఏ రేవు నుంచి కదులుతుందన్న సంగతి. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వెనిస్ అని ఉంటుంది, దాని పక్కనో కిందనో చిన్న అక్షరాలతో రవెన్నా అనో, ట్రియెస్తే అనో, ఫుసీనా అనో మరో పేరు ఉంటుంది. విమానం ఏ ఊరికి కొనాలి, హోటల్ ఎక్కడ తీసుకోవాలి, ఓడ ఎక్కే రోజు ఎన్ని గంటలకు గది ఖాళీ చేయాలి, తిరుగు విమానం ఎప్పటికి పెట్టుకోవాలి అన్నవన్నీ ఆ చిన్న అక్షరాల పేరును బట్టే తేలతాయి. అది చూడకుండా కొన్నవారు వెనిస్ నడిబొడ్డున ఉన్న సాన్ మార్కో గోపురాల మధ్య నుంచి ఓడ కదులుతుందని ఊహించుకుని, చివరకు 140 కిలోమీటర్లకు పైగా బస్సులో వెళ్లి ఓడ ఎక్కవలసి వస్తుంది.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలిస్తే మిగతా ప్రణాళిక సులువవుతుంది. 2019 జూన్ 2న ఒక భారీ క్రూయిజ్ ఓడ అదుపు తప్పి, వెనిస్ పాత నగరాన్ని ఆనుకుని సాగే జ్యుదెక్కా కాలువలోని సాన్ బసీలియో రేవుగట్టునూ అక్కడ కట్టి ఉన్న చిన్న పర్యాటక నౌకనూ ఢీకొంది. పెద్ద ఓడల వల్ల ఊరి పునాదులకు చేటు జరుగుతోందని నగరవాసులు అప్పటికే ఏళ్ల తరబడి ఆందోళన చేస్తున్నారు. చివరకు 2021 జులైలో ఇటలీ ప్రభుత్వం చట్టం తెచ్చి, ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి జ్యుదెక్కా కాలువలోకీ సాన్ మార్కో ముందున్న నీటిలోకీ పెద్ద ఓడలు రాకూడదని ఆంక్ష పెట్టింది. 25,000 గ్రాస్ టన్నేజ్, 180 మీటర్ల పొడవు, నీటి మీద 35 మీటర్ల ఎత్తు అన్నవి ఆ హద్దులు. వీటిలో ఏ ఒక్కటి దాటినా ఓడకు ఆ దారి మూసినట్టే. ఇంధనంలోని గంధకానికి కూడా ఒక పరిమితి ఉంది. గ్రాస్ టన్నేజ్ అన్నది ఓడ బరువు కాదు, దాని లోపలి మొత్తం ఘనపరిమాణాన్ని బట్టి కట్టే లెక్క. వేలమంది ప్రయాణికులు, నీటి జారుబండలు, నాటకశాలలు ఉన్న ఓడలన్నీ ఈ హద్దుకు ఎన్నో రెట్లు పైన ఉంటాయి. కాబట్టి ఓడ పెద్దదైతే అది పాత నగరం నుంచి బయలుదేరదని ముందే అనుకోవచ్చు.

ఏ రేవు ఎక్కడ ఉంది

పాత నగరానికి ఆనుకుని ఉన్నవి మారిత్తిమా, సాన్ బసీలియో రేవులు. చిన్న ఓడలు ఇప్పటికీ ఇక్కడి నుంచే కదులుతాయి. కార్లు, బస్సులు వెనిస్‌లో చేరగలిగిన చివరి చోటు పియాత్సాలే రోమా. అక్కడి నుంచి మారిత్తిమాకు పీపుల్ మూవర్ అనే చిన్న రైలులో నిమిషాల్లో చేరవచ్చు. మీ ఓడ ఈ రేవులోనిదైతే ఇకపై చదవబోయే ఇబ్బందుల్లో సగం మీకు ఉండవు.

మార్గెరా, ఫుసీనా రేవులు లగూన్ అనే ఉప్పునీటి మడుగుకు ఇవతల, ప్రధాన భూభాగపు ఒడ్డున ఉన్నాయి. అవి పారిశ్రామిక ప్రాంతాలు. సరుకు నౌకలు వెళ్లే దారిన ఓడ బయటికి పోతుంది కనుక నగర దర్శనం ఆశించకూడదు. అయినా ఊరికి దగ్గరే గనుక ప్రయాణ భారం తక్కువ. ఇక్కడ జాగ్రత్తగా చూడవలసింది ఒకటుంది: చెక్ ఇన్ ఒకచోట జరిగి, ఓడ మరోచోట ఉండి, మధ్యలో కంపెనీ బస్సు నడిపే పద్ధతి కొన్ని యాత్రలకు ఉంటుంది. కాబట్టి ఓడ ఎక్కడ ఉంటుందని మాత్రమే కాక, సామాను ఎక్కడ అప్పగించాలని కూడా విడిగా అడిగి తెలుసుకోవాలి. లగూన్ దక్షిణపు కొసన ఉన్న కియోజా కూడా కొన్ని మధ్యరకపు ఓడలకు రేవు.

రవెన్నా ఓడలు ఆగేది రవెన్నా ఊళ్లో కాదు, సముద్రపు ఒడ్డున ఉన్న పోర్తో కోర్సీనీలో. వెనిస్ నుంచి రోడ్డు మీద రెండు, రెండున్నర గంటలు పడుతుంది. రైలులో అయితే ఫెర్రారా దగ్గరో బొలోన్యా దగ్గరో మారి సుమారు మూడు గంటల్లో రవెన్నా చేరి, అక్కడి నుంచి టాక్సీ పట్టుకోవాలి. ఇంటిల్లిపాదీ పెట్టెలతో వెళ్లేటప్పుడు ఈ రైలు మార్పిడి నేను సూచించను. డబ్బు ఎక్కువైనా ఓడ కంపెనీ బస్సే నయం. అసలు మీ ఓడ రవెన్నా నుంచి అని తేలితే, విమానాన్ని బొలోన్యాకు చూసుకోవడం తెలివైన పని, ఎందుకంటే రవెన్నాకు బొలోన్యా సగం దూరమే. అప్పుడు ఒక రాత్రి రవెన్నాలోనే గడపవచ్చు. 402లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యానికి రాజధాని అయిన ఊరు అది. సాన్ వితాలే చర్చిలోని ఆరో శతాబ్దపు మొజాయిక్ చిత్రాలు, దాంతే సమాధి అక్కడే ఉన్నాయి. వెనిస్ రద్దీ చూసిన కళ్లకు ఆ ఊరు హాయిగా ఉంటుంది.

ట్రియెస్తే సంగతి వేరు. వెనిస్ నుంచి నేరుగా రైలు ఉంది, సుమారు రెండు గంటల ప్రయాణం. ఓడ ఆగే గట్టు ఊరి నడిబొడ్డున, సముద్రంలోకి తెరుచుకున్న పియాత్సా ఉనితా అనే పెద్ద కూడలికి పక్కనే ఉంటుంది. స్టేషన్ నుంచి నడిచి కూడా చేరవచ్చు. అదే రైలు దారిలో ట్రియెస్తే కంటే ముందు వచ్చే మోన్‌ఫల్కోనే నుంచీ కొన్ని ఓడలు బయలుదేరతాయి. పెద్ద పెద్ద క్రూయిజ్ ఓడలను కట్టే షిప్‌యార్డు ఉన్న ఊరది. పెద్ద ఓడ తప్పదనుకుంటే నా ఓటు ట్రియెస్తేకే. చలికాలంలో బోరా అనే ఈశాన్యపు గాలి అక్కడ విసురుగా వీస్తుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

రేవు విషయంలో చివరగా మరొక మాట: బుకింగ్ తరువాత రేవును మార్చే హక్కు కంపెనీలు తమ నిబంధనల్లో ఉంచుకుంటాయి. అందువల్ల బయలుదేరే ముందు నెలలో ఒకసారి, చివరి వారంలో మరోసారి మీ బోర్డింగ్ పత్రం తెరిచి రేవు పేరును సరిచూసుకోవాలి. హోటల్‌ను రద్దు చేసుకునే వీలున్న ధరకే తీసుకోవడం కూడా ఇందుకే మంచిది.

వీసా లెక్క

భారతీయ పాస్‌పోర్టు మీద వెళ్లేవారికి ఇటలీ ప్రవేశానికి షెంగెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, కావాలి. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టాలి. వేసవి సీజన్‌లో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం గనుక మూడు నెలల ముందే మొదలుపెట్టడం మేలు. పెద్దలకు రుసుము 2024 జూన్ 11 నుంచి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చును భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటకూడదు, తిరుగు ప్రయాణపు తేదీ తరువాత మరో మూడు నెలలైనా చెల్లుబాటు కావాలి.

క్రూయిజ్ ప్రయాణికులు తరచుగా పొరబడేది ఎన్నిసార్లు ప్రవేశించవచ్చన్న విషయంలో. ఇటలీ, గ్రీస్, క్రొయేషియా షెంగెన్‌లో ఉన్నాయి. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది, అదే రోజున యూరోను కూడా స్వీకరించింది. కానీ దారిలో వచ్చే కోటోర్ రేవు ఉన్న మాంటెనెగ్రో, అల్బేనియా, టర్కీ షెంగెన్‌లో లేవు. ఓడ కోటోర్‌లో ఆగి మళ్లీ ఇటలీకి వస్తే, కాగితాల ప్రకారం మీరు బయటికి వెళ్లి రెండోసారి లోపలికి వస్తున్నట్టు. కనుక ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా ఇలాంటి యాత్రకు పనికిరాదు, రేవులోనే ఓడ ఎక్కనివ్వకుండా ఆపేస్తారు. దరఖాస్తులోనే బహుళ ప్రవేశాల వీసా కోరి, ఓడ మార్గం పూర్తి షెడ్యూలును జతపరచాలి. షెంగెన్ కాని దేశాల వీసా నిబంధనలను దేశం దేశానికీ విడిగా చూసుకోవాలి. ఉదాహరణకు, చెల్లుబాటయ్యే షెంగెన్ వీసా ఉన్న భారతీయులు టర్కీకి ఈ-వీసా తీసుకోవచ్చు.

ఏ దేశపు కాన్సులేట్‌కు దరఖాస్తు పెట్టాలన్నది రెండో ప్రశ్న. యాత్రలో ఎక్కువ రోజులు గడిపే దేశానికి పెట్టాలి, అది తేలకపోతే మొదట అడుగుపెట్టే దేశానికి పెట్టాలి అన్నది నియమం. ఓడ ఎక్కే ముందు వెనిస్‌లో రెండు మూడు రాత్రులు ఉండి, దిగేది కూడా ఇటలీలోనే అయితే ఇటలీయే అన్న వాదన బలంగా నిలుస్తుంది. ఓడ ఎక్కువ రోజులు గ్రీకు ద్వీపాల్లో తిరిగి పిరేయస్‌లో దింపేదైతే లెక్క మారవచ్చు. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేసే కొత్త పద్ధతి మొదలైంది కనుక విమానాశ్రయంలో క్యూకు అదనపు సమయం కేటాయించుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి

వెనిస్ ఉన్న ఏడ్రియాటిక్ సముద్రపు క్రూయిజ్‌లు ప్రధానంగా ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా నడుస్తాయి. నన్నడిగితే మే నెల, లేదా సెప్టెంబర్ రెండో సగం. జులై, ఆగస్టుల్లో ఎండ, జనం, ధరలు మూడూ తారస్థాయిలో ఉండటమే కాక, గ్రీకు ద్వీపాలున్న ఈజియన్ సముద్రంలో మెల్తెమి అనే ఉత్తరపు గాలి బలంగా వీచి చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చే ద్వీపాల్లో ఓడ ఆగకుండా వెళ్లిపోయే అవకాశం ఉంటుంది. వెనిస్‌లో జులై మూడో వారాంతంలో జరిగే రెదెంతోరే పండుగ, ఆగస్టు చివర మొదలై సెప్టెంబర్‌లోకి సాగే చలనచిత్రోత్సవం, సెప్టెంబర్ మొదటి ఆదివారం నాటి పడవల పందెం చూడముచ్చటైనవే గానీ, ఆ రోజుల్లో హోటల్ ధరలు పెరుగుతాయి, కొన్ని జలమార్గాలు మూసేస్తారు. వాటి కోసమే వెళ్లేవారు ఏడాది ముందు గది తీసుకోవాలి, కానివారు తప్పించుకోవాలి.

శరదృతువు నుంచి చలికాలం దాకా ఆక్వా ఆల్తా, అంటే పోటు నీరు వీధుల్లోకి ఎక్కడం జరుగుతుంది. 1966 నవంబర్ 4న 194 సెంటీమీటర్లు, 2019 నవంబర్ 12న 187 సెంటీమీటర్లు నమోదయ్యాయి. లగూన్‌కు సముద్రంతో ఉన్న మూడు ముఖద్వారాల దగ్గర 78 ఇనుప తలుపులతో కట్టిన మోసే అనే అడ్డుకట్టను 2020 అక్టోబర్ 3న తొలిసారి నిజమైన పోటుకు ఎదురుగా లేపారు. ఆ తరువాత వీధులు మునగడం బాగా తగ్గింది. అయితే ఆ తలుపులు లేచి ఉన్నంతసేపు ఓడల రాకపోకలకు ఆలస్యం తప్పదు. నవంబర్ యాత్రలో బయలుదేరే సమయం కొన్ని గంటలు జరిగితే కంగారుపడనక్కరలేదు.

ఓడ, క్యాబిన్, ఖర్చు

ఇక్కడ మీరే తేల్చుకోవలసిన అసలు ప్రశ్న ఒకటుంది. మీ కోరిక ఓడ మీద గడపడమా, లేక వెనిస్‌ను నీటి మీద నుంచి చూస్తూ బయలుదేరడమా? రెండోదైతే చిన్న ఓడకు ఎక్కువ డబ్బు పెట్టండి. మారిత్తిమా నుంచి జ్యుదెక్కా కాలువ మీదుగా తూర్పుకు సాగే ఓడలో, ప్రయాణ దిశకు ఎడమవైపు నిలబడితే దుకాలే పాలెస్, సాన్ మార్కో గంటగోపురం కనబడతాయి. కుడివైపున జ్యుదెక్కా, సాన్ జోర్జో మజ్జోరే చర్చి. చిన్న ఓడలో సరదాలు తక్కువ, అలల ఊపు కొంచెం ఎక్కువ. పిల్లలకు ఈతకొలను, ఆటలు కావాలనుకునే కుటుంబానికి పెద్ద ఓడే సరి. వారు వెనిస్‌ను వపోరెత్తో అనే ఊరి పడవలో చూసుకుంటే పోతుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు.

క్యాబిన్లు స్థూలంగా నాలుగు రకాలు: కిటికీ లేనిది, కిటికీ ఉన్నది, బాల్కనీ ఉన్నది, సూట్. రేవులు రోజుకొకటి వచ్చే ఏడ్రియాటిక్ యాత్రలో పగలంతా బయటే గడుస్తుంది కనుక బాల్కనీ తప్పనిసరి కాదు. కోటోర్ అఖాతంలోకి ఓడ ప్రవేశించే తెల్లవారుజామున మాత్రం బాల్కనీ ఉన్నవారిని చూసి అసూయ కలుగుతుంది. పైడెక్కు ఎక్కితే ఆ దృశ్యం ఉచితమే. వాంతి, తలతిరుగుడు భయం ఉన్నవారు ఓడ నడిమధ్యలో, కింది అంతస్తుల్లో గది కోరుకోవాలి, అక్కడ ఊపు తక్కువ.

ప్రకటించే ధర ఒక గదిలో ఇద్దరు ఉంటే ఒక్కొక్కరికి పడే ధర. ఒంటరిగా వెళ్లేవారికి అదనపు రుసుము ఉంటుంది. ఆ ధరకు రేవు పన్నులు, రోజుకు తలకింతని వేసే సిబ్బంది టిప్పు, పానీయాలు, ఇంటర్నెట్, ఒడ్డు మీది పర్యటనలు కలుపుకుంటేనే అసలు ఖర్చు తేలుతుంది. గ్రీస్ 2025 జులై నుంచి క్రూయిజ్ ప్రయాణికులపై రుసుము వేస్తోంది. వేసవి రద్దీ నెలల్లో సాంతోరిని, మికొనోస్‌లలో అది తలకు 20 యూరోలు. ఇవన్నీ కలిపి చూస్తే చవకగా కనిపించిన యాత్ర చవక కాకపోవచ్చు, ఖరీదుగా కనిపించినది అంత ఖరీదు కాకపోవచ్చు. శాకాహారులు, ఉల్లి వెల్లుల్లి తినని వారు బుకింగ్ సమయంలోనే రాతపూర్వకంగా చెప్పాలి, ఓడ ఎక్కాక చెబితే వంటగదిలో సర్దుబాటు కష్టం.

వెనిస్‌లో ఆ రెండు రాత్రులు

ఓడ బయలుదేరే రోజున విమానం దిగే ప్రయాణాన్ని ఎవరికీ సూచించను. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు, తరువాతి రేవుకు మీ ఖర్చుతో మీరే వెళ్లాలి. కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు ముందు చేరండి. వెనిస్‌ను యాత్ర చివరికి వాయిదా వేయాలని కొందరు అనుకుంటారు; అలసట, మురికి బట్టలు, తిరుగు విమానం ధ్యాస మధ్య ఆ ఊరు కంటికి ఆనదు.

విమానాశ్రయం తెస్సేరాలో ఉంది. దాని పేరు మార్కో పోలో, మోటుపల్లి రేవును, ఆ సీమను ఏలిన రాణిని తన యాత్రా కథనంలో ప్రస్తావించిన వెనిస్ వర్తకుడే. అక్కడి నుంచి బస్సులో పియాత్సాలే రోమాకు, లేదా పడవలో నేరుగా ఊళ్లోకి రావచ్చు. గది ఎక్కడ తీసుకోవాలన్నది మళ్లీ రేవును బట్టే. ట్రియెస్తే, మోన్‌ఫల్కోనేలకైతే రైల్వే స్టేషన్ అయిన శాంతా లూచియా దగ్గరో, ప్రధాన భూభాగంలోని మెస్త్రే స్టేషన్ దగ్గరో. మారిత్తిమాకైతే పియాత్సాలే రోమా నుంచి వంతెన దాటకుండా చేరగలిగే చోట. మెస్త్రేలో గదులు చవక, రైలులో పది పన్నెండు నిమిషాల్లో పాత నగరం చేరవచ్చు, కానీ రాత్రి జనం వెళ్లిపోయాక నిశ్శబ్దంగా మారే వెనిస్‌ను మెస్త్రేలో పడుకునేవారు చూడలేరు.

సామాను విషయంలో కటువుగానే చెప్పాలి. వందకు పైగా చిన్న దీవుల మీద, నాలుగు వందలకు పైగా వంతెనలతో ఉన్న ఊరు ఇది. ఆ వంతెనల్లో ఎక్కువ వాటికి మెట్లే ఉంటాయి. స్టేషన్‌కు, పియాత్సాలే రోమాకు మధ్య 2008లో తెరిచిన కొత్త వంతెనకు కూడా మెట్లున్నాయి, వానపడితే అవి జారతాయి. హోటల్ బుక్ చేసేటప్పుడు మ్యాప్‌లో దూరం కాదు, మధ్యలో ఎన్ని వంతెనలు ఉన్నాయో లెక్కపెట్టాలి. మనిషికి ఒక మధ్యరకపు పెట్టె చాలు. పోర్టర్లు ఉంటారు, ముందే ధర మాట్లాడుకోవాలి. చిరునామాలో వీధి పేరు కాక పేట పేరు, దాని తరువాత పెద్ద సంఖ్య ఉంటాయి కనుక, దగ్గరి వపోరెత్తో స్టాపు పేరును హోటల్ వారినే అడిగి రాసుకోవడం మంచిది.

వపోరెత్తో అంటే ఊళ్లో బస్సులకు బదులు తిరిగే పడవ. ఒకసారి టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. రోజుకు మూడుసార్లు ఎక్కేవారు 24 గంటల పాస్ తీసుకుంటే లాభం. ఎక్కే ముందు యంత్రం దగ్గర ఆనించడం మరిచిపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా పడుతుంది. గొండోలాకు నగరపాలక సంస్థ నిర్ణయించిన ధర పగలు అరగంటకు 90 యూరోలు, మనిషికి కాదు, పడవకు, ఐదుగురు ఎక్కవచ్చు. అంత పెట్టలేనివారికి ఒకటో నంబర్ వపోరెత్తోలో సాయంత్రం వేళ గ్రాండ్ కెనాల్ పొడవునా ప్రయాణించడం ఏమాత్రం తక్కువ అనుభవం కాదు. 1591లో పూర్తయిన రియాల్తో వంతెన కింద నుంచి పోతుంది.

2024 ఏప్రిల్ 25న మొదలైన ప్రవేశ రుసుము గురించి చాలామందికి సందేహం ఉంటుంది. వసంతం, వేసవిలో ఎంపిక చేసిన రోజుల్లో, ఉదయం 8.30 నుంచి సాయంత్రం 4 గంటల మధ్య పాత నగరానికి ఆ పూటకు వచ్చిపోయేవారు చెల్లించాలి. 2025లో అలాంటి రోజులు 54. ముందుగా కడితే 5 యూరోలు, చివరి మూడు రోజుల్లో కడితే 10. నగరపాలక పరిధిలోని హోటల్లో రాత్రి బస చేసేవారు, మెస్త్రే అయినా సరే, కట్టనక్కరలేదు, అయితే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని మినహాయింపు క్యూఆర్ కోడ్ దగ్గర ఉంచుకోవాలి. ఊళ్లోకి అడుగుపెట్టకుండా పియాత్సాలే రోమా మీదుగా రేవుకు వెళ్లిపోయేవారికి ఇది వర్తించదు.

ఓడ ఎక్కే రోజు

ఆన్‌లైన్ చెక్ ఇన్ తెరుచుకున్న రోజే పూర్తి చేస్తే రేవుకు చేరవలసిన సమయాన్ని మీకు నచ్చినట్టు ఎంచుకోవచ్చు. సామాను చీటీలను ముద్రించి పెట్టెలకు గట్టిగా కట్టాలి. రేవులో అప్పగించిన పెట్టె సాయంత్రానికి గాని క్యాబిన్‌కు చేరదు; కాబట్టి పాస్‌పోర్టు, మందులు, కళ్లజోడు, ఒక జత బట్టలు, ఛార్జర్ చేతిసంచిలోనే ఉండాలి. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిల్ ఓడల్లో నిషిద్ధం, పెట్టుకుంటే తీసేసుకుంటారు. ట్రియెస్తేకు ప్రాంతీయ రైలులో వెళ్లేవారు కాగితపు టికెట్ కొంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న యంత్రంలో ముద్ర వేసుకోవాలి.

ఎక్కిన వెంటనే అత్యవసర కవాతు, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ గుమిగూడాలో చూపే కసరత్తు, ఉంటుంది. 2012 జనవరి 13న ఇటలీ తీరాన కోస్తా కాంకోర్డియా ఓడ మునిగిన తరువాత అంతర్జాతీయ నియమాలను బిగించి, ఓడ కదలకముందే లేదా కదిలిన వెంటనే ఇది జరగాలని విధించారు. దీన్ని తప్పించుకునే ప్రయత్నం చేయకండి, పిల్లలతో సహా వెళ్లి మీ చోటును కళ్లారా చూసి రండి. ఆ పని అయ్యాక ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టాలి. నడిసముద్రంలో ఓడ మొబైల్ నెట్‌వర్కుకు తెలియకుండా తగులుకుంటే వచ్చే బిల్లు యాత్ర ఖర్చుతో పోటీపడుతుంది.

రేవుల్లో సొంతంగా తిరగడమా, ఓడవారి పర్యటన కొనడమా అన్నదానికి ఒక కొలమానం ఉంది. ఊరు రేవుకు ఆనుకుని ఉంటే సొంతంగా తిరగండి; దూరమైతే ఓడవారితో వెళ్లండి, ఎందుకంటే వారి బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ టాక్సీ ఆలస్యమైతే ఆగదు. స్ప్లిట్, కోటోర్, కోర్ఫులలో సొంతంగా తిరగవచ్చు. దుబ్రోవ్నిక్‌లో ఓడ ఆగే గ్రూజ్ రేవు పాత కోటకు మూడు కిలోమీటర్ల దూరం, ఊరి బస్సు చాలు. గ్రీస్‌లోని కతాకోలో రేవు నుంచి ఒలింపియా శిథిలాలకు వెళ్లాలంటే పర్యటనే మేలు. సాంతోరినిలో చిన్న పడవలో ఒడ్డుకు చేరాక కొండ మీదికి కేబుల్ కార్ క్యూ ఉంటుంది, కనుక దిగేటప్పుడు మరో గంట చేతిలో ఉంచుకోవాలి. గ్రీస్ గడియారం ఇటలీ కంటే గంట ముందుంటుంది. ఒడ్డు మీద కనిపించే సమయాన్ని కాక ఓడ ప్రకటించిన సమయాన్నే నమ్మాలి. ఆసక్తి ఉన్నవారు కోటోర్, కోర్ఫు కోట గోడల మీద రెక్కల సింహాన్ని వెతకండి. అది వెనిస్ రిపబ్లిక్ చిహ్నం. 1797లో ఆ రాజ్యం కూలేదాకా ఈ రేవులు దాని ఏలుబడిలోనివే. దుబ్రోవ్నిక్ మాత్రం ఆ చివరి శతాబ్దాల్లో దానికి లొంగకుండా పోటీగా నిలిచింది.

తిరుగు విమానాన్ని కూడా రేవును బట్టే కొనాలి. ఉదాహరణకు ఓడ రవెన్నాకు ఉదయం 7 గంటలకు చేరుతుందనుకుందాం. ముందు రాత్రే పెట్టెలను గది బయట పెట్టి, మీకిచ్చిన వరుసలో దిగి, సామాను వెతుక్కుని బస్సెక్కేసరికి 8.30 అవుతుంది. మార్కో పోలో చేరేసరికి 11, అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు ఉండాలి కనుక 2, ఓడో బస్సో కాస్త ఆలస్యమైతే అన్న జాగ్రత్తకు ఇంకో గంట. అంటే మధ్యాహ్నం 3 తరువాతి విమానాలే చూడాలి. అదే ఓడ మారిత్తిమాలో దింపేదైతే మధ్యాహ్నం ఒంటిగంట విమానం కూడా అందుతుంది.